నా పగటి నిద్రకు బాపు పూసిన గోడ

నైట్ షిఫ్టు చేసేవాళ్లకు ఇల్లంతా శత్రువే. కుక్కర్ విజిల్, అమ్మ చూసే టీవీ, వాకిట్లో పక్కింటివాళ్ల ముచ్చట్లు, అన్నీ పగలే. నాకేమో పగలే నిద్ర కావాలి.

మా నాన్నను మేం బాపు అంటాం. గనిలో పనిచేసి ఛాతీ పాడై ఆయన మెడికల్ అన్‌ఫిట్ అయ్యాక, ఆయనకు బదులుగా కూతురినైన నాకు ఉద్యోగం వచ్చింది. పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్టు గనిలో నీళ్లు తోడే పంపుల దగ్గర డ్యూటీ. ఒకసారి కునుకు పట్టి, నీళ్లు అయిపోయినా పంపు ఆపలేదు. వేడెక్కి పొగ వచ్చింది. “ఇంకోసారి గిట్లయితే పైకి రాసి పంపుత,” అన్నాడు మా షిఫ్టు సార్. ఇంటికొచ్చి ఏడ్చాను. ఏడుపు అయ్యాక అందరి మీదా అరిచాను కూడా. నా కోపం సంగతి మా వాడలో అందరూ ఎరుగుదురు.

బాపు మర్నాడే నా నిద్రకో గది చేయించే పనిలో పడ్డాడు. వారం తిరిగేసరికి హాలును రెండు చేస్తూ ఇనుప ఫ్రేము, దానికి జిప్సం బోర్డులు వచ్చేశాయి. బోర్డులు బిగించినతను సందులు పూడ్చడానికి మళ్లీ వస్తానని చెప్పి పత్తా లేకుండా పోయాడు.

“వానితోని ఏం పని? సందులు మూసుడు నాకు రాదా?” అన్నాడు బాపు.

రాదని ఎలా అంటాం? గనిలో ఆయన పనే అది. బొగ్గు తీసేసిన చోటికి గాలి వెళితే, లోపల మిగిలిన బొగ్గు దానంతటదే అంటుకుంటుంది. అందుకని అడ్డంగా గోడ కట్టి, చీమ దూరే సందు లేకుండా పూసేస్తారు. బాపు పాతికేళ్లు ఆ గోడలే పూశాడు.

ఇంట్లో మిగిలిపోయిన లప్పం తీశాడు. సిమెంటు గోడలకు రంగు వేసేముందు పూసేది. దాన్ని కలిపి పాత తాపీతో సందుల్లో కూరి, గనిలోలాగే ఒక్క విడతలో మందంగా పూసేశాడు. బోర్డులతను వదిలి వెళ్లిన కాగితపు టేపు చూపిస్తే నవ్వాడు. “కాగితం అతికిచ్చి గోడ కడ్తరా ఎవలన్న?”

మర్నాడు మధ్యాహ్నం సైరన్ మోగింది. గనిలో బ్లాస్టింగ్. మాకు రోజూ ఉండేదే. గిన్నెలు గలగలమంటాయి, కాళ్ల కింద నేల ఉలిక్కిపడుతుంది. కుదుపు ఆగాక చూస్తే, ప్రతి సందు వెంబడీ పైనుంచి కిందిదాకా పగులు. అవతల టీవీ మాటలు ఇవతలికి దూరుతున్నాయి.

నేను ఒంటికాలి మీద లేచాను. “నీ పంతానికి నా నౌకరి పోవాల్నా బాపు?”

ఆయన తాపీని గుడ్డతో తుడిచి అటక మీద పెట్టేశాడు. అన్‌ఫిట్ కాగితం చేతికిచ్చిన రోజు కూడా దాన్ని ఇలాగే అటకెక్కించాడు. నాకు సిగ్గేసింది. ఆ తాపీని నేనే కిందికి దించి, “దుకాణానికి పోదాం పా,” అన్నాను.

“లప్పం సిమెంటు గోడలకే, కాకా,” అన్నాడు దుకాణమాయన. “బోర్డులకు జాయింట్ కాంపౌండ్ కావాలె. టేపు లేకుంటె ఏది పూసినా పగుల్తది.”

రెండు రకాలు చూపించాడు. ఒకటి నీళ్లలో కలుపుకునే పొడి, తొందరగా గట్టిపడుతుంది. రెండోది కలిపి బకెట్లో నింపింది, నిదానంగా ఆరుతుంది. నేను తొందరలో పొడి సంచి పట్టుకున్నాను.

“అది గట్టిగైతది అక్కా. ఎమరీ కాగితంతోని రుద్దితె ఇల్లంత దుమ్ము,” అన్నాడాయన.

పక్కన బాపు దగ్గాడు. ఆ ఛాతీలో చేరిన దుమ్ము చాలదా? సంచి వదిలేసి బకెట్ తీసుకున్నాను.

“జల్ది కావాలంటివి గద?” అన్నాడు బాపు.

“ఆలస్యమైనా నాకేం ఫికర్ లేదు. దీన్ని తడి స్పాంజితోని తుడిస్తె సాలు.”

పగిలిన లప్పం గీకేశాం. సందు మీద పల్చగా పూసి, టేపు అద్ది, ఎక్కువైంది లాగేశాం. ఆరాక ఇంకాస్త వెడల్పుగా రెండో పూత, ఆ తర్వాత మూడోది. బాపు చెయ్యి మాటిమాటికీ మందంగా వేయబోయేది. “దిబ్బరొట్టె కాదు బాపూ, దోశ!” అని నేను ఆటపట్టించేదాన్ని. ఒక్క విషయంలో మాత్రం ఆయన మాటే నెగ్గింది. “బ్లాస్టింగ్ అయినంకనే పూద్దాం. పచ్చి మీద కుదుపు పడొద్దు.” అందుకే పని సాగిన నాలుగు రోజులూ సైరన్ కోసం తాపీ పట్టుకుని కాచుకున్నాం.

చివర్లో పరీక్ష పెట్టాడు. గనిలోనైతే నిప్పు కూడదు కాబట్టి తడి చెయ్యి ఆనించి గాలి వస్తోందేమో చూసేవాడట. ఇక్కడ దర్జాగా అగరుబత్తి వెలిగించి సందుల వెంబడి నడిపాడు. పొగ ఎటూ వంగకుండా నిటారుగా లేచింది. నాకంటే ముందు ఆయనే చిన్నపిల్లాడిలా నవ్వాడు.

తర్వాతి నైట్ షిఫ్టు దిగి వచ్చి ఆ గదిలో పడుకున్నాను. లేచి తలుపు తీసేసరికి ఎండ తగ్గింది. అమ్మ టీవీ ఎప్పటిలాగే నడుస్తోంది. తలుపు పక్కనే కుర్చీ వేసుకుని బాపు కూర్చుని ఉన్నాడు.

“ఇయ్యాల బ్లాస్టింగ్ లేదా బాపు?” అన్నాను.

“అయింది బిడ్డా, జోరుగనే అయింది,” అన్నాడు. “నువ్వే లెవ్వలె.”