మెట్ల పక్క గది హద్దులు

ఇన్నేళ్ళుగా ఇది నా గుండెల మీద బండలా కూర్చుని ఉంది. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు చెప్పను. అయినా ఎవరో ఒకరి చెవిన వేయకపోతే ఊపిరాడేలా లేదు.

నరసరావుపేటలో ప్లాన్లు గీసే పని నాది. మేముంటున్న అపార్ట్‌మెంటు గీసింది నేనే, కట్టించింది మా అక్క మొగుడు. కింద మెట్ల పక్కన వాచ్‌మన్ కోసం ఒక గది ఉండేది. మెట్లు, లిఫ్టు, వరండా ఎలాగో ఆ గదీ అలాగే, ఫ్లాట్లు కొన్నవాళ్ళందరి ఉమ్మడి సొత్తు. అలాంటి చోటుకి విడి నంబరు ఉండకూడదు. నంబరు లేకపోతే ఎవరూ దాన్ని విడిగా అమ్ముకోలేరు.

“దానికీ ఒక నంబరు పడెయ్‌రా. రోడ్డు వైపు షట్టరు పెట్టి షాపుగా అమ్ముకుంటా” అన్నాడు బావ. అక్క కాఫీ గ్లాసుతో ఎదురుగా నిలబడి ఉంది. కాదనలేకపోయాను. మొహమాటం. మొహమాటమేనా? బావకి నా అవసరం పడిందన్న గొప్ప కూడా లోపల లేదూ? ఫ్లాట్లకు ఇచ్చినట్టే ఆ గదికీ నంబరిచ్చాను. నాలుగు వైపులా హద్దులు రాశాను. ఉత్తరాన వరండాలోకి తెరుచుకునే తలుపు ఉంటే, గోడ అని రాశాను. రిజిస్ట్రేషను అయిపోయింది.

ఆ గదిలో వాచ్‌మన్ భార్య మస్తాన్‌బీ ఉండేది. మొగుడు పోయాక వరండాలు ఊడ్చుకుంటూ అక్కడే బతికేది. ఖాళీ చెయ్యమన్న రోజు నా దగ్గరికొచ్చింది.

“అన్నా, ఈ గది అందరిదీ అని మా ఆయన చెప్పేవోడు. గీసినోడివి నువ్వే గదా. అవునా, కాదా?”

“కాదమ్మా. దానికి విడి నంబరుంది.”

“నువ్వే చెప్పినాక ఇంకేముందిలే అన్నా.”

అంతే. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ట్రంకు పెట్టె పట్టుకుని నడికుడి బస్సెక్కిందన్నారు. తర్వాత కబురు లేదు. నేనూ కనుక్కోలేదు.

బావ ఆ తలుపు పీకించి ఇటుకలతో మూయించాడు. కొన్నాళ్ళకు గోడ మీద చెమ్మ తేలింది, అచ్చం తలుపంత. గీకించాం, పుట్టీ పెట్టించాం, మళ్ళీ మళ్ళీ రంగు వేయించాం. రోళ్ళు పగిలే ఎండల్లో కూడా అది ఆరదు. గడియ ఉండేచోట ఒకసారి చెయ్యి పెట్టాను. చల్లగా, చేతి చెమట తగిలినట్టుంది. షాపు కొన్నాయన ఎందుకో షట్టరు ఎత్తడమే మానేశాడు. నేను లిఫ్టుకి వెళ్ళేటప్పుడు తల తిప్పుకుని వెళతాను.

మొన్న మధ్యాహ్నం, మాచర్ల నుంచి కొత్తగా అద్దెకొచ్చిన అమ్మాయి మా ఇంటికొచ్చింది. “బాబాయ్ గారూ, కింద ఆ తలుపు తాళం ఎవరి దగ్గరుంటదండీ? లోపల్నుంచి ఎవరో కొడతన్నారు.”

ఏ తలుపు? ఆ అమ్మాయి వచ్చేనాటికి అక్కడ ఉన్నది గోడే.

“అక్కడ తలుపు లేదమ్మా” అన్నాను. అన్నాక నా గొంతు నాకే వినిపించింది. మస్తాన్‌బీతో కాదమ్మా అన్న గొంతే. అదే మెత్తదనం. ఛీ.

అందుకే చెబుతున్నాను. ఆ గది బావది కాదు, కొన్నాయనదీ కాదు. అందరిదీ. నేను అబద్ధం రాశాను, అబద్ధం చెప్పాను. క్షమించమని మిమ్మల్ని అడగను, అడగాల్సిన మనిషి ఎక్కడుందో తెలియదు. ఈ మాట బయటికి వచ్చాక ఊపిరి మాత్రం కాస్త ఆడుతోంది. ఆనాడు రాయాల్సిన హద్దులు ఇప్పుడు రాస్తున్నాను.

తూర్పు, మెట్లు. దక్షిణం, ప్రహరీ గోడ. పడమర, రోడ్డు. ఉత్తరం, మస్తాన్‌బీ తలుపు.