పదిహేడో నంబరు ఎలుక ఈత

ఆ వయసులో మనిషికి రోషం ముందు పుడుతుంది, భయం తర్వాత తీరిగ్గా వస్తుంది. 2013 ప్రాంతంలో, ఇరవై మూడేళ్లప్పుడు, నెల్లూరు నుంచి వెళ్లి షార్జాలో ఒక పరిశోధనశాలలో ఎలుకలు చూసుకునే ఉద్యోగంలో చేరాను. (ఇంట్లోవాళ్లు "దుబాయ్‌లో సైంటిస్టు" అని చెప్పుకునేవాళ్లు. నేనూ కాదనలేదు.) మెదడులో నోరడ్రినలిన్ అనే రసాయనం ఉంటుంది, మనల్ని చురుగ్గా ఉంచేవాటిలో అదొకటి. కొన్ని ఎలుకలకు సూదిమందుతో దాన్ని తగ్గించి, అవి దిగులు పడతాయేమో చూడాలి. ఒక్కో ఎలుకను నీళ్లున్న గాజు జాడీలో ఐదు నిమిషాలు వదిలేవాళ్లం. ఈత మానేసి ఊరికే తేలిన సెకన్లను స్టాప్‌వాచ్‌తో నేను కొలవాలి. ఎక్కువసేపు తేలితే దిగులు కింద లెక్క. (ఆ లెక్కన శుక్రవారం సెలవునాడు మంచం మీద నన్ను కొలిచుంటే ఆస్పత్రిలో చేర్చేవాళ్లు.) షార్జాలోనే రోలా అనే పేటలో నాతో గది పంచుకున్న కడప బాషాభాయ్‌కి ఈ పని ఎన్నిసార్లు చెప్పినా అర్థం కాలేదు. "ఈత కొట్టేది ఎలుక, జీతం నీకా సామీ!" అని పగలబడి నవ్వేవాడు.

మందెక్కిన ఎలుకలు చాలావరకు కాసేపటికే ఈత మానేశాయి. పదిహేడో నంబరు మాత్రం ఐదు నిమిషాలూ జాడీ గోడలు గీకుతూ, మూతి పైకెత్తి ఈదుతూనే ఉంది. చూసింది చూసినట్టు రాశాను. మర్నాడు మా ముదీర్, అంటే మేనేజరు, ఆ కాగితం పట్టుకుని వచ్చాడు. హైదరాబాద్ పాతబస్తీ మనిషి.

"అరే భాయ్, ఇది ఖరాబ్ ఎలుక. మందెక్కినంక గిట్ల ఈదుతదా? దీన్ని తీసేసి కొత్త కాయితం రాయి. ఖలాస్."

"అది ఈదింది సార్. నేను చూశా."

"నువ్వేంది, దాని వకీల్‌వా? రాయకుంటే వీసా క్యాన్సిల్."

"రాయను. చేసుకోండి క్యాన్సిల్!"

అన్నాక గానీ ఏమన్నానో తెలియలేదు. భయం వచ్చి మనసు మారేలోగా ఆ కాగితం లాక్కుని పరిశోధనకు పెద్ద అయిన డాక్టరమ్మ గదిలో దూరాను. ఆమెది సూడాన్. నా ఇంగ్లీషు సరిగ్గా అప్పుడే పారిపోయింది. "మేడమ్, ర్యాట్ స్విమ్. ఐ సీ. పేపర్ నో చేంజ్!" అన్నాను, బల్ల గుద్ది. బల్ల మీది చాయ్ ఒలికింది.

ఆమె కాగితం తడవకుండా పక్కకు తీసి, నెమ్మదిగా అంది: "మందు పనిచేసిందో లేదో మెదడు పరీక్షలో తేలుతుంది. అప్పటిదాకా ఎవరూ ఏదీ కొట్టెయ్యొద్దు."

మెదడు పరీక్ష అంటే ఎలుక బతకదు. అన్నిటితోపాటు దాన్నీ తీసుకెళ్లిన రోజు నాకు అన్నం సయించలేదు. ఫలితం వచ్చింది. దాని మెదడులోనూ నోరడ్రినలిన్ మిగతావాటికి మల్లే పడిపోయే ఉంది! "మందు తన పని తను చేసింది. ఎలుకే ఒప్పుకోలేదు," అంది డాక్టరమ్మ. నేను రాసిన అంకె అలాగే ఉండిపోయింది. నా వీసా కూడా. ముదీర్ నెలరోజులు నాతో మాట్లాడకుండా చీటీలు రాసి, ఒకనాడు తనే వచ్చి, "వకీల్ సాబ్, చాయ్ తాగుతవా?" అన్నాడు.

ఇప్పుడు నలభైకి దగ్గరపడ్డాను. పైవాళ్లు గొంతు సవరించుకుంటే చాలు, "చూద్దాం సార్" అంటున్నాను. ఆ ఇరవై మూడేళ్లవాడు వింటే నా మొహం చూడడు. మొన్న ఆఫీసులో వాడు గుర్తొచ్చి, నిండు మీటింగులో "కుదరదు సార్" అనేశాను. గొంతు కీచుగా వచ్చింది. అయినా అన్నాను.