రోజుకి ఒకటి తినండి

బెంగాల్లో ఉండే మా ఏక్‌బాల్‌పూర్ తెలుగువాళ్ళం సిగరెట్టు కాల్చం, తింటాం. మాత్ర వేసుకోం, అదీ తింటాం. బెంగాలీలో నీళ్ళైనా పొగైనా మందైనా అన్నీ తినడమే కాబట్టి మా నాలుక అలా తిరిగిపోయింది. సోంపేట నుంచి కొత్తగా వచ్చిన మా అత్తగారు అది విని, అల్లుడు సిగరెట్లు నములుతాడేమోనని బెంబేలెత్తిపోయింది.

పెళ్ళయి ఐదేళ్ళయినా మాకు పిల్లల్లేరు. మూడేళ్ళపాటు పరీక్షలన్నీ మా ఆవిడకే చేయించాం. చివరికి డాక్టరు నా రక్తం కూడా అడిగాడు. మగ హార్మోను తక్కువ, జింకు కూడా తక్కువ అని తేలింది. సిగ్గుకంటే ముందు నాకు వింతగా అనిపించింది. జింకంటే గోడౌన్ల మీది ఇనుప రేకులకు పూత పూసేది కదా, దానికి నా ఒంట్లో ఏం పని?

ప్రశ్నలతో డాక్టరును చంపుకు తిన్నాను. ఆ హార్మోను తయారవడానికి ఒంట్లో జింకు ఉండాలట. సిగరెట్టు పొగలో కాడ్మియం అనే లోహం ఉంటుందట, అది జింకు పని చెడగొడుతుందట. అలాగని పొగతాగే అందరికీ హార్మోను తగ్గదట, కొందరికి పెరుగుతుందట కూడా. మరి నాకెందుకు తగ్గిందంటే, తెలియదన్నాడు. ఆ జవాబు నాకు భలే నచ్చింది. సిగరెట్లు మానమని చెప్పి, జింకు మాత్రలు రాసిచ్చి, లేవబోతుంటే బెంగాలీలో అన్నాడు: "దినే ఏక్‌టా ఖాబేన్." రోజుకి ఒకటి తినండి అని.

డాక్టరు రోజుకో సిగరెట్టుకు ఒప్పుకున్నాడని ఇంట్లో చెప్పాను. మధ్యాహ్నం మాత్ర, సాయంత్రం టీ కొట్టు దగ్గర సిగరెట్టు. మూడు నెలలు దర్జాగా గడిచాయి.

మళ్ళీ పరీక్ష చేస్తే జింకు పెరిగింది, హార్మోను మాత్రం కదల్లేదు. సిగరెట్లు మానేశారా అని డాక్టరు అడిగితే, మీరు చెప్పినట్టే రోజుకొకటి అన్నాను. తను చెప్పింది మాత్ర సంగతని ఆయన నవ్వాడు. నేనూ నవ్వాను. మా ఆవిడ నవ్వలేదు.

తిరిగొస్తూ ఆటోలో, ఈ తినడం అనే మాట ఎంత తమాషాదో ఆమెకు హుషారుగా వివరించాను. అంతా విని మెల్లగా అంది:

"మూడేళ్ళు నాకు సూదులు గుచ్చినప్పుడు డాక్టరు ఏటి చెప్పినా మీకు సరిగ్గానే అర్థమయ్యీది. ఈ ఒక్క మాటే అవ్వలేదేటి?"

నాకు తల కొట్టేసినట్టయింది. నేను పుట్టి పెరిగింది ఈ ఊళ్ళోనే. ఆ రోజు కూడా నాకు సరిగ్గానే అర్థమైంది.