రెట్టింపు బాబాయి

మా బాబాయికి ఒకటి కలపడం రాదు. లెక్కలు రాక కాదు, కంప్యూటరుకి ప్రోగ్రాములు రాసి బతికే మనిషాయన. కానీ ఏదైనా నిండిపోయిందంటే మాత్రం ఇంకొక్కదానికి చోటు చేయడం ఆయన వల్ల కాదు. ఉన్నదాన్ని రెట్టింపు చేసేస్తాడు.

ఒకసారి చెప్పుల స్టాండు నిండిపోయి ఒక జత బయట మిగిలింది. దాన్ని మంచం కిందకి తోసెయ్యమంది పిన్ని. బాబాయి బజారుకెళ్ళి పాతదానికి రెట్టింపు స్టాండు మోయించుకొచ్చాడు. అది గుమ్మానికి అడ్డంగా నిలబడింది. ఆ రోజు నుంచి మేమందరం పక్కకి తిరిగి పీతల్లా నడుస్తూ ఇంట్లోకి వెళ్ళాం.

“ఇన్ని అరల్లో ఏం పెట్టమంటారు, నా తలకాయా?” అంది పిన్ని.

“దానికీ చోటుంది,” అన్నాడు బాబాయి పై అర చూపిస్తూ.

పిన్ని వాళ్ళన్నయ్య భోజనానికొచ్చినప్పుడు ఇంట్లో ఉన్న నాలుగు కుర్చీలకి ఇంకొకటి తక్కువైంది. బాబాయి పక్కింటికీ ఎదురింటికీ తిరిగి నాలుగు కుర్చీలు తెచ్చాడు. గదిలో కుర్చీలకి తప్ప మనుషులకి చోటు లేకుండా పోయింది.

“బావగారూ, నేనొక్కణ్ణే కదండీ వచ్చింది?” అన్నాడాయన బిక్కమొహం వేసి.

“నీ వెనక ఎవరైనా వస్తే?”

“నా వెనకెవరూ లేరే!”

“ఇప్పుడు లేరు,” అన్నాడు బాబాయి ధీమాగా.

ఎందుకిలా అని అడిగితే పాఠం మొదలయ్యేది. “ప్రోగ్రాములో పేర్లన్నీ అర్రేలో ఉంటాయి. అర్రే అంటే ఏం లేదు, వరసగా పేర్చిన గళ్ళు. గడికో పేరు. గళ్ళన్నీ నిండాక ఇంకొకడు వచ్చాడనుకో. వేరేచోట పెద్ద వరస వేసి, పాతవాళ్ళందర్నీ మోసుకెళ్ళి అందులో దించాలి. ఒక్కడు వచ్చినప్పుడల్లా అందరిచేతా కాపురాలు మార్పిస్తామా? ఒకేసారి రెట్టింపు చేసి పడేస్తే కొన్నాళ్ళు హాయి!”

“అది కంప్యూటరు. ఇది కొంప!” అనేది పిన్ని.

బాబాయి పనిచేసేది పార్సిళ్ళ ఆఫీసులో. నా చదువు ఎనిమిదో తరగతిలో ఆగిపోయి ఇంట్లోనే ఉంటున్నానని నన్నూ వెంటబెట్టుకెళ్ళేవాడు. వీధుల వారీగా పార్సిళ్ళు విడదీసి పెట్టడం నా పని. పని అయిపోతే బాబాయి కుర్చీ వెనక నిలబడి, ఆయన వేళ్ళు ఏ మీట మీద పడుతున్నాయో చూస్తూ ఉండేదాన్ని.

ఆ ఆఫీసు గోడమీద ఒక తెర ఉండేది. ఎవరు ఏ పనిలో ఉన్నారో అందులో వరసగా పేర్లు. ఆ వరస నడిపే ప్రోగ్రాము బాబాయి రాసిందే. నాలుగు గళ్ళు, నలుగురు మనుషులు. తెరమీద పేరుంటేనే ఉద్యోగం. నా పేరు లేదు. “పని చూద్దాం, పేరు సంగతి తర్వాత,” అని ఓనరుగారు మొదట్లోనే అనేశారు. ఆ తర్వాత ఎప్పుడొస్తుందో అడగాలని రోజూ అనుకునేదాన్ని. ఆయన ఎదురుపడగానే నాలుక అంగిట్లో అతుక్కుపోయేది.

అలాంటి రోజుల్లో ఓనరుగారి బావమరిది ఊడిపడ్డాడు. వచ్చీరాగానే కుర్చీలో కూర్చుని, “బావా, తెరమీద నా పేరేదీ?” అన్నాడు. అడగడమంటే అదీ! వాడి నోట్లో సగం నాకుంటే బాగుండునని అసూయపడ్డాను. ఒక్క చోటు పుడుతోంది, అది వాడికి పోతోంది. ఇక నా సంగతి ఇంతే.

“ఏమయ్యా, ఒక గడి కలుపు,” అన్నారు ఓనరుగారు.

“ఒకటి కుదరదండీ. నిండిపోయింది కదా, ఎనిమిది చెయ్యాలి.”

“ఎనిమిదెందుకు? వీడొక్కడే కదా!”

“మిషను ఒప్పుకోదండీ.”

ఓనరుగారికి మనుషులంటే భయం లేదు, మిషనంటే మహా భయం. సరేనన్నారు. మర్నాటికి తెరమీద బావమరిది పేరు వెలిగింది. దానికింద ‘ఖాళీ’, ‘ఖాళీ’, ‘ఖాళీ’ అని ఎర్రటి అక్షరాలు కూడా వెలిగాయి.

వచ్చినవాళ్ళు పార్సిలు కన్నా ముందు తెర చూడటం మొదలుపెట్టారు.

“ఏంటండీ, మనుషులు మానేస్తున్నారా?” అని ఒక పెద్దావిడ.

“జీతాలు సరిగ్గా ఇవ్వరేమో,” అని ఆవిడ వెనకున్నాయన, గుసగుస అనుకుని గట్టిగానే.

ఓనరుగారి మొహం ఆ అక్షరాలకన్నా ఎర్రబడింది. “ఏమయ్యా! ఆ ఖాళీలు తీసెయ్!”

“తీస్తే వరస చెడుతుందండీ. కావాలంటే నింపొచ్చు.”

“అయితే నింపు! ఎవర్నో ఒకర్ని పెట్టు! ఆ అమ్మాయి లేదూ, రోజూ వచ్చి చేస్తూనే ఉందిగా, ఆ పేరు కొట్టు ముందు!”

నా పేరు తెరమీదికి అలా ఎక్కింది. బావమరిది కింద, ఖాళీల పైన. నేను నోరు విప్పనే లేదు. మిగిలిన రెండింటినీ కూడా ఓనరుగారు చూస్తూ ఓర్చుకోలేక నింపేశారు. చేతులు పెరిగాయి, వాటితో పార్సిళ్ళూ పెరిగాయి. తన ముందుచూపు వల్లే ఇదంతా అని ఆయన చెప్పుకుంటున్నారు.

కొన్నాళ్ళకి బాబాయి నన్ను మీటల ముందు కూర్చోబెట్టాడు. ఒక మధ్యాహ్నం ఆయన పక్కకెళ్ళినప్పుడు ఆ ప్రోగ్రాము నకలొకటి తీసి, నిండిన ఎనిమిది గళ్ళ వరసకి చివర ఇంకొక పేరు చేర్చమని ఒక్క ముక్క రాశాను. మిషను తిడుతుందనుకుని కళ్ళు సగం మూసుకున్నాను. తిట్టలేదు. తొమ్మిదో గడి దానంతటదే వచ్చి కూర్చుంది.

“బాబాయ్, ఇది ఒకటి కలిపితే ఒప్పుకుంటోంది!”

అప్పుడే తిరిగొచ్చిన బాబాయి అటూ ఇటూ చూశాడు. “ష్! మెల్లిగా. ఈ ప్రోగ్రాము రాసిన భాషలో వరస ఎంత కావాలంటే అంత సాగుతుంది. ఆ మోతలన్నీ లోపల అదే మోసుకుంటుంది. నేను కుర్రతనంలో నేర్చుకున్నది సాగని భాష.”

“మరి ఓనరుగారికి మిషను ఒప్పుకోదన్నావు?”

“ఒక్క చోటే ఉంటే నోరున్నవాడే కూర్చుంటాడే అమ్మాయ్. నువ్వా, చచ్చినా అడగవు. ఏం చెయ్యమంటావు?”

“అయితే ఇంట్లో కుర్చీలు, చెప్పుల స్టాండు, అవన్నీ కూడా ఇలాగే ఎవరికోసమో అన్నమాట!”

బాబాయి బుర్ర గోక్కున్నాడు. “లేదులే. అది పిచ్చే.”

అంతలో ఓనరుగారు లోపలికొచ్చారు. “ఏమయ్యా, ఇంకో మనిషిని తీసుకుంటున్నా. ఒక్కడే! వరస నిండింది కదా, ఈసారైనా ఒక్క గడి పెట్టలేవా?”

బాబాయికి ఉన్నట్టుండి దగ్గొచ్చింది. ఎంతకీ తగ్గదే! ఓనరుగారు నా వైపు తిరిగారు. “నువ్వు చెప్పమ్మా, నీకూ వచ్చిందటగా ఈ విద్య.”

తొమ్మిదో గడి నా ముందే మెరుస్తోంది. దానికి అడ్డంగా జరిగి కూర్చున్నాను. నాలుక అతుక్కోలేదు.

“కుదరదండీ,” అన్నాను. “పదహారు చెయ్యాలి.”

“ముదనష్టపు మిషను!” అని తల పట్టుకున్నారు ఓనరుగారు.

బాబాయికి అప్పుడు నిజంగా దగ్గొచ్చింది.