ఒకే వారం వచ్చిన జ్వరం

నాంపల్లి స్టేషన్ వెయిటింగ్ హాల్లో నా పక్కన కూర్చున్న అమ్మాయి ల్యాప్‌టాప్‌లో చుక్కలనూ, వాటిని కలిపే గీతలనూ చూస్తోంది. అవేమిటని అడిగాను.

"వైరస్ ప్రోటీన్లు ఆంటీ. మన కణంలోకి వచ్చినంక మన ప్రోటీన్లల్ల వేటిని పట్టుకుంటయో చూస్తున్న. పట్టు దొరకకుంటే వైరస్‌తోని ఏం కాదు."

కరోనా రోజుల్లో అబిడ్స్‌లోని మా రెండు గదుల ఇంట్లో నాకూ మా చెల్లికీ ఒకే వారం జ్వరం వచ్చింది. ముందు నాకే. నేను లేచాను, అది లేవలేదు. నా నుంచే దానికి అంటిందన్న మాట అప్పటిదాకా ఎవరితోనూ అనలేదు. ఆ అమ్మాయితో అనేశాను.

"ఇద్దరికీ అదే వైరస్ కదమ్మా. నన్నెందుకు వదిలేసింది?"

ఆమె ల్యాప్‌టాప్ మూసింది. "మన ప్రోటీన్లు మనిషి మనిషికి జర తేడా ఉంటయ్ ఆంటీ. గందుకేనా అంటే నాకు తెల్వదు. ఇంకా వెతుకుతున్నం." నా వైపు తిరిగి, "మీ చెల్లె పేరేంది?" అంది.

నేను బాధపడతానని మా ఇంట్లో ఎవరూ ఆ పేరెత్తరు.

"సుజాత" అన్నాను. సుల్తాన్ బజార్‌లో అది గాజులు బేరమాడే తీరు దగ్గర మొదలుపెట్టి, అలా చెబుతూనే ఉన్నాను. నా రైలు ఎప్పుడు కదిలిపోయిందో చూడనే లేదు.