నేను మరగబెట్టిన రాయి

ఆ ఆవిరి పాప ఊపిరితిత్తుల్లోకి ఎంత పోయి ఉంటుంది? ఏమీ పోలేదనే డాక్టర్లు చెప్పారు. అయినా పాప దగ్గిన ప్రతిసారీ దాని ఛాతీకి చెవి ఆనించి వింటాను.

మా నాన్న తమ్ముడు, మా బాబాయి, మాంసం కొట్టు నడుపుతాడు. ఆయన ఇంట్లోనే వెనక వాటాలో నేనూ, మా ఆయనా, పది నెలల పాపా ఉంటున్నాం. ముప్పై ఏళ్ళుగా కత్తి పట్టిన చెయ్యి ఆయనది. ఒకసారి తూకం తక్కువైందని గొడవపడ్డ ఒకణ్ణి మెడ పట్టి, కొక్కేల పక్కన గోడకు ఆనించి, "ఏ ముక్క తూచమంటావు?" అని అడిగాడు. వాడు మళ్ళీ ఆ వీధి తొక్కలేదు.

అలాంటి మనిషి కొట్టు కట్టేశాక, సబ్బు వాసన కూడా అంటకుండా మోచేతుల దాకా వట్టి నీళ్ళతో రుద్దుకుని, ముందుగదిలో ఉప్పునీటి తొట్టి ముందు స్టూలు వేసుకుని కూర్చుంటాడు. అందులో ఉన్నవి బతికున్న పగడాలు, రాళ్ళను పట్టుకుని పెరిగే సముద్రపు జీవాలు. మూతపడ్డ హోటలు వాళ్ళు వదిలేసిన తొట్టి అది. మొదటి ఏడాది వేసినవన్నీ చచ్చాయి. ఆవిరైపోయిన నీటికి బదులు మళ్ళీ ఉప్పునీళ్ళే పోసేవాడట. ఉప్పు ఆవిరి కాదు కాబట్టి మంచినీళ్ళే పోయాలని ఆయనకు తెలియదు. "ఊరబెట్టి చంపాను పాపం" అంటాడు.

తర్వాత మొండివాటినే తెచ్చాడు. పుట్టగొడుగుల్లాంటివి, బొత్తాల్లా గుంపుగా పెరిగేవి, సుత్తి తలల్లాంటి కొసలున్నది ఒకటి.

"కొత్తవాళ్ళకు ఇవే మంచివమ్మా. నెమ్మదస్తులు" అన్నాడు నాతో.

నెమ్మదస్తులేం కావు. తొట్టిలో దీపం ఆరగానే సుత్తి పగడం సన్నని తంతులు చాచి పక్కదాన్ని కుట్టేది. మర్నాటికి దాని కండ కరిగి, తెల్లటి ఎముకలాంటి గూడు బయటపడేది. బాబాయి ఎముకలు కోసే కత్తెరతో చచ్చిన భాగాన్ని పటుక్కున కత్తిరించేవాడు.

"తోడికోడళ్ళు వీళ్ళు. మధ్యన జానెడు ఎడం లేకపోతే కొంపలంటుకుంటాయి."

ఒక ఆదివారం చూస్తే బొత్తాలు ఒక రాయి నిండా పాకి, పుట్టగొడుగుల్ని నలిపేసి ఉన్నాయి. బాబాయి చేతులకు తొడుగులు, కళ్ళకు అద్దాలు పెట్టుకుని రాయిని బయటికి తీశాడు. పెరట్లో బకెట్టులో వేసి, "వచ్చాక దీని సంగతి చూస్తాను" అని కొట్టుకు వెళ్ళాడు. తొడుగులు వాసనకేమో అనుకున్నాను.

పాప సీసాలూ చెంచాలూ గిలక్కాయలూ అన్నీ మరగబెట్టడం నాకు అలవాటు. మరిగే నీళ్ళలో ఏ క్రిమీ మిగలదనుకునే చదువు నాది. పాప పాకే పెరట్లో ఆ జిగట రాయి ఎందుకని, ఆయన పనీ తేలికవుతుందని, దాన్ని పాత గిన్నెలో వేసి పొయ్యి మీద పెట్టాను. పాప అక్కడే ఎత్తు కుర్చీలో కూర్చుని ఉంది. నీళ్ళు పొగలు కక్కడం మొదలైంది.

అప్పుడే వచ్చాడు బాబాయి.

"ఏముంది అందులో?"

"మీ రాయి, బాబాయ్. శుభ్రమవుతుందని."

మాట పూర్తి కాలేదు. భుజంతో నన్ను గుద్దాడు. తలుపు చెక్కకు తగిలి నా నుదురు చిట్లింది. పాపను కుర్చీతో సహా ఎత్తి పెరట్లోకి తీసుకెళ్ళాడు. అడ్డొచ్చి చొక్కా పట్టుకున్న మా ఆయన్ను చెంప మీద ఒక్కటి పీకాడు. పెదవి చీలి, ఒక పన్ను రక్తంతో పాటు గచ్చు మీద పడింది.

"దాన్నెత్తుకుని వీధిలోకి పొండి. చంపేస్తాను లోపలికొస్తే."

పిచ్చెక్కిందనుకున్నాను. పాపను పట్టుకుని వీధిలోకి పరుగెత్తాను. కిటికీ అద్దం భళ్ళున పగలడం వినిపించింది. పొయ్యి ఆర్పి, గిన్నెకు మూత పెట్టి, మూతికి తడి తువ్వాలుతో, చేతి నుంచి రక్తం కారుతూ బయటికొచ్చాడు. గేటు పట్టుకుని దగ్గడం మొదలెట్టాడు. సాయంత్రానికి ఒళ్ళు కాలిపోతూ, ఊపిరి అందక ఆసుపత్రిలో పడ్డాడు.

ఆ బొత్తాల్లో విషం ఉంటుంది. మరిగినా చావదు. ఆవిరి తుంపరల్లో గాల్లోకి లేస్తుంది. ఒంట్లో కణాల సోడియం, పొటాషియం పంపును తెరిచి అలాగే వదిలేస్తుంది. ఆ పంపు గురించి పరీక్షలో ఐదు మార్కుల జవాబు రాసినదాన్ని నేను.

మూడో రోజుకు మాట్లాడగలిగాడు. ముందు మా ఆయన్ను చూశాడు.

"అల్లుడూ, మూతి ఎలా ఉంది?"

"ఇప్పుడు ఈల బాగా వస్తోంది మామయ్యా."

నేను మంచం పక్కన ఏడుస్తున్నాను. "ఒక్కమాట ముందే చెప్పాల్సింది కదా బాబాయ్."

"చెప్పాల్సింది. నాదే తప్పు. రాయిని ఉడకేసుకునేవాళ్ళుంటారని నాకు తట్టలేదు తల్లీ."

నవ్వబోయి దగ్గాడు. దగ్గు ఆగాక ఆయన చెప్పిందే, పాపకు ఒళ్ళు కాస్త వెచ్చబడినా నేను ఇప్పుడు పాటిస్తున్నది.

"భయం మానమని చెప్పను, నీ వల్ల కాదు. కానీ భయం వెయ్యగానే చెయ్యి ఆడించకు. చేతులు వెనక్కి కట్టుకుని, అదేంటో తెలిసినవాళ్ళను అడుగు. వాళ్ళు చెప్పాకే ముట్టుకో."