ట్రాఫిక్ లేని శనివారం

ఒక మనిషిని దేశం కాని దేశానికి పిలిపించి, మాట్లాడడానికి మైకు ఇస్తామని చెప్పి, తీరా ఆ వేళకు ఊరంతా తిప్పి తీసుకురమ్మని డ్రైవరుకు పురమాయించడాన్ని ఈవెంట్ మేనేజ్‌మెంట్ అంటారట. ఆ డ్రైవర్ని నేనే. ఏడాది దాటినా నాకు కడుపుమంట చల్లారలేదు. అట్లా పురమాయించిన మేనేజరు మీద ఎంత మంటో, నా మీద నాకూ అంతే.

నాది జగిత్యాల దగ్గర పల్లె. బహ్రెయిన్ వచ్చి పదకొండేళ్ళు. మా ఊళ్ళో మాత్రం నేను దుబాయిలోనే ఉన్నాను. ఇది వేరే దేశమని చెప్పి చెప్పి నేనే ఊరుకున్నాను. మొదటి నాలుగేళ్ళు సిమెంటు పనిలో నడుం విరగ్గొట్టుకుని, తర్వాత లైసెన్సు సంపాదించి ఒక ట్రాన్స్‌పోర్టు కంపెనీలో వ్యాను డ్రైవరునయ్యాను. హోటళ్ళలో దిగేవాళ్ళను తిప్పే డ్యూటీ. ఏసీ బండి, ఇస్త్రీ చొక్కా. కూలీల క్యాంపులో వాళ్ళకు నేనొక దొర కింద లెక్క.

సనాబిస్‌లో ఒక పెద్ద హాల్లో మూడు రోజులు సినిమావాళ్ళ సంబరం పెట్టారు. అభిమానులు రకరకాల వేషాలు వేసుకుని వస్తారు. నటులు బల్లల వెనక కూర్చుని ఫొటోల మీద సంతకాలు పెడతారు. ఇద్దరు నటులను అమెరికా నుంచి రప్పించారు. ఒకడు కండలు తిరిగిన కుర్ర హీరో, వాడికి నల్లకారు. రెండో ఆయన డెబ్బై దాటిన పెద్దాయన, ఆయనకు నా వ్యాను. హూరాలో హోటలు, సనాబిస్‌లో హాలు, మధ్యలో పదిహేను నిమిషాల దారి. మూడు రోజులు ఆయన్ను తీసుకుపోయి తీసుకురావడమే నా పని.

మొదటి రోజే ఆయన వెనక సీటు వదిలేసి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. పదకొండేళ్ళలో అట్లా కూర్చున్న మొదటి తెల్లమనిషి. పేరడిగాడు, ఊరడిగాడు. "నీవు నటన ఏమైనా చేశావా?" అనీ అడిగాడు. నవ్వులాటకే అడిగాడేమో కాని, నేను చేశాను మరి.

మా ఊళ్ళో చిరుతల బాగోతం కడతారు. వ్యవసాయప్పనులు తీరాక, గురువును పెట్టుకుని రెండు నెలలు నేర్చుకుని, చేతుల్లో చిరుతలు, అంటే చెక్కతాళాలు, కొట్టుకుంటూ ఆడి పాడేది. అందులో నేను భటుణ్ణి. తొమ్మిదేళ్ళు భటుణ్ణే. "చిత్తం మహారాజా" తప్ప నాకు ఇంకో మాట లేదు. వచ్చీరాని ఇంగ్లీషులో ఇదంతా చెబితే ఆయన తొడ కొట్టి నవ్వాడు. "నాదీ అదే పని. నలభై ఏళ్ళు" అన్నాడు.

మా మేళానికి ఒక కట్టుబాటు ఉండేది. రంగు పూసుకున్న ముఖాన్ని ఆడించకుండా కడగనివ్వకూడదు. వాన వచ్చి ఆట ఆగిపోయినా సరే, ఎవరో ఒకరి అరుగు మీదికి చేరి, రంగు వేసుకున్న ప్రతి మనిషి చేతా ఒక్క దరువన్నా పాడించి, భుజం మీద కొత్త తువ్వాల కప్పి, అప్పుడే నీళ్ళచెంబు ఇచ్చేవారు. భటుడికైనా సరే. ఒకసారి నేను వానలో అరుగు మీద నిలబడి పదిమంది ముందు "చిత్తం మహారాజా" అని ఒక్కమాట అరిచి తువ్వాల కప్పించుకున్నాను. మహారాజు అప్పటికే ఇంటికి పోయాడు. అయినా ఎవరూ నవ్వలేదు.

హాల్లో సంగతి చెప్పాలి. కుర్ర హీరో బల్ల ముందు వరస తలుపు దాటి బయటిదాకా ఉండేది. మా పెద్దాయన బల్ల ముందు నేనే నిలబడేవాణ్ణి, నీళ్ళసీసా పట్టుకుని. ఆయన నటించిన పాత ఆస్పత్రి సీరియల్ చూసిన ముసలివాళ్ళు ఎవరో ఒకరిద్దరు వచ్చి చెయ్యి కలిపి పోయేవారు. ఆయన దానికేమీ చిన్నబుచ్చుకోలేదు. ఎందుకంటే ఆయన ఆశంతా శనివారం మీద ఉంది. చివరి రోజు నాలుగున్నరకు స్టేజీ మీద ఇరవై నిమిషాలు ఆయనకు ఇచ్చారు. దాని కోసమే ఇంత దూరం వచ్చానని, తన గురించి మైకు ముందు మాట్లాడమని ఇన్నేళ్ళలో ఎవరూ పిలవలేదని నాకు మూడుసార్లు చెప్పాడు. కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని తిరిగాడు.

శనివారం నాలుగింటికి ఆయన హోటల్ మెట్లు దిగి వస్తుంటే నేను గుర్తుపట్టలేదు. సీరియల్లో వేసుకున్న తెల్లకోటును ఇన్నేళ్ళూ దాచుకుని తెచ్చాడు, అది వేసుకున్నాడు. బండి ఎక్కి, ముందరి అద్దం దించి, చిన్న డబ్బీ తీసి ముఖానికి పౌడరు అద్దుకున్నాడు. లైట్ల కింద ముఖం జిడ్డుగా కనబడకూడదన్నాడు. నాకు మా ఊరి అరుగు గుర్తుకొచ్చి ముచ్చటేసింది.

సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. సంబరం మేనేజరు. మన తెలుగాయనే, కోస్తా నుంచి వచ్చినవాడు, పెద్ద చదువులు. బండి నడుపుతున్నాను కాబట్టి స్పీకర్లో పెట్టాను.

"ఎక్కడున్నావయ్యా?"

"ఇప్పుడే ఎల్లినం సార్. సార్ నా పక్కకే కూసున్నడు."

"అప్పుడే రావద్దు. ఓ గంట పైనే అటూ ఇటూ తిప్పి ఐదున్నరకి తీసుకురా."

"నాలుగున్నరకే గద సార్ ఆయన మాట్లాడేది?"

"ఆ టైము హీరోకిచ్చేశాం. జనం ఆయన కోసం ఊగిపోతున్నారు. ఈ ముసలాయన మైకు పట్టుకుంటే హాలు ఖాళీ అయిపోద్ది. పెద్దాయన కదా, మొహమ్మీద ఏం చెప్తాం? ట్రాఫిక్ అను."

"తయారై కూసున్నడు సార్. మొఖానికి రంగు గుడ ఏసుకున్నడు. గిట్ల చేసుడు పాపం సార్."

"పాపపుణ్యాలు నీకెందుకయ్యా? నీ పని బండి తోలడం. మీ కంపెనీతో మాట్లాడమంటావా?"

ఇదంతా ఆయన పక్కనే, ఆయన వింటుండగానే. తెలుగు రాదు కదా, మా ఇద్దరి మాటలకు మర్యాదగా నవ్వుతూ కూర్చున్నాడు. ఫోను పెట్టేశాక "అంతా బాగానే ఉందా?" అని అడిగాడు.

"ట్రాఫిక్ సార్" అన్నాను.

పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. కంపెనీకి ఒక్క ఫోను పోతే నా డ్యూటీ గతేమిటో నాకు తెలుసు. కాని భయపడ్డాను కాబట్టి తప్పు కాకుండా పోతుందా? ఆ రోజు రోడ్డు మీద బండ్లే లేవు. ట్రాఫిక్ లేకపోతే, అది ఉండే చోటును వెతుక్కుంటూ పోయాను. మనామా పాత బజారు సూక్ సందుల్లోకి దించితే ఎప్పుడైనా సరే బండి కదలదు. బంగారం దుకాణాల ముందు జనం మధ్యలో ఆగి, అయ్యో అన్నట్టు స్టీరింగు మీద చెయ్యి కొట్టాను. తొమ్మిదేళ్ళ భటుడి వేషంలో నేర్చుకోని నటన ఆ పది నిమిషాల్లో వచ్చేసింది.

నాలుగుంబావు. నాలుగున్నర. ఆయన గడియారం చూసుకోవడం మానేసి కాగితాలు తీసి పెదాలు కదుపుతున్నాడు. నా లోపల కట్టుబాటు గుచ్చుతోంది. రంగు పూసిన ముఖం. నాకో ఉపాయం తోచింది, ఉపాయమని అప్పుడనుకున్నాను.

"సార్, ఎట్లాగూ ఆగాం కదా. నాకు చెప్పండి, అక్కడ ఏం మాట్లాడతారో" అన్నాను.

ఆయన నా వైపు చూశాడు. కోటు సర్దుకున్నాడు. గొంతు సవరించుకుని, వ్యాను అద్దానికి కట్టిన నిమ్మకాయను చూస్తూ మొదలుపెట్టాడు.

వాళ్ళ నాన్న ఒక చిన్న ఊళ్ళో మంగలి. దుకాణానికి వచ్చినవాళ్ళ నడకా మాటా అనుకరించి నవ్వించడంతో ఈయనకు నటన పట్టుకుంది. నగరానికి వెళ్ళి హోటల్లో గిన్నెలు కడుగుతూ వేషాల కోసం తిరిగాడు. మొట్టమొదటి వేషం శవం. పోలీసు సీరియల్లో పొద్దంతా చచ్చిపడి ఉండి ఒకసారి తుమ్మాడట. తర్వాత ఆస్పత్రి సీరియల్లో పెద్ద డాక్టరు వెనక నిలబడే చిన్న డాక్టరు, ఏళ్ళ తరబడి. బజారులో జనం ఆపి నడుంనొప్పికి మందు అడిగేవారు. సినిమాల్లో జడ్జీ, బ్యాంకు మేనేజరు, విమానం నడిపేవాడు. హీరోకు తలుపు తీసే ముఖాలన్నీ తనవే అన్నాడు.

ఒకే ఒక్క సినిమాలో పెద్ద సన్నివేశం దొరికింది. కొడుకును పోగొట్టుకున్న తండ్రి, పూర్తిగా నాలుగు నిమిషాలు తనే మాట్లాడాలి. వాళ్ళమ్మకు ఉత్తరం రాశాడు. ఆమె వీధి వీధినంతా వెంటబెట్టుకుని సినిమాకు పోయింది. సినిమా అయిపోయింది, తెర మీద ఆమె కొడుకు కనబడలేదు. సన్నివేశం మొత్తం కోసేశారు.

"కోసినందుకు నాకు కోపం లేదు. అది వాళ్ళ సినిమా" అన్నాడు. "నాకు ఒక్కమాట చెప్పి ఉంటే, అమ్మను వెళ్ళొద్దని చెప్పేవాణ్ణి. ఆ ఒక్కమాట ఎవరూ చెప్పలేదు."

అప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు. ఆయన ముగించి ఊపిరి పీల్చుకుంటే చప్పట్లు కొట్టాను. ఒక దరువు పాడించాను, కట్టుబాటు తీరింది, పాపం పోయిందని మనసుకు సర్దిచెప్పుకున్నాను. ఎంత తెలివి! కట్టుబాటు పదిమంది ముందు పాడించమంది కాని, తిప్పి మోసం చేస్తున్నవాడి ముందు పాడించమనలేదు.

ఐదున్నరకు హాలు చేరాం. లోపల ఇంకా కుర్ర హీరో మాటలే, జనం ఈలలే. మా పెద్దాయన బల్ల అప్పటికే మడిచి గోడకు ఆనించారు. మేనేజరు ఎదురొచ్చి గడియారం చూసుకుని "అయ్యయ్యో సార్" అంటూ చేతులు నలుపుకున్నాడు. పెద్దాయన నన్ను తన వెనక్కి నెట్టి, నాకు అడ్డంగా నిలబడ్డాడు.

"ఇతన్ని ఏమీ అనకండి. ట్రాఫిక్ ఘోరంగా ఉంది, ఇతను చేయగలిగిందంతా చేశాడు. దయచేసి వీళ్ళ కంపెనీకి చెప్పకండి" అన్నాడు.

మేనేజరు నా వైపు చూసి, పెద్ద మనసు చేసుకున్నట్టు తలూపాడు. "పర్వాలేదు సార్, మీరు చెప్పారు కాబట్టి వదిలేస్తున్నాను" అన్నాడు. ఆ మనిషి చెంప పగలగొట్టాలనిపించింది. కాని తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని నిలబడ్డది నేనే. ఆ హాల్లో ఆ రోజు బతుకంతా నటించినవాడు ఒక్కడే నిజం మాట్లాడాడు. మేమిద్దరం వేషాలు కట్టాం.

ఆయన విమానం ఎనిమిదిన్నరకు. విమానాశ్రయానికి పోయే ముహర్రక్ వంతెన దాటుతున్నా ఆయన ముఖానికి పౌడరు అట్లాగే ఉంది. విమానాశ్రయం ముందు పెట్టె దించి, ఇక ఓర్చుకోలేక, నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పేశాను. "ట్రాఫిక్ లేదు సార్. అబద్ధం. మీ టైము ఆ హీరోకిచ్చారు. మిమ్మల్ని తిప్పమన్నారు, తిప్పాను."

ఆయన కోప్పడతాడనుకున్నాను. కోప్పడలేదు. పెట్టె పిడి పట్టుకుని ఒక్కటే అడిగాడు.

"నన్ను బండిలో మాట్లాడమన్నావు. అది కూడా వాళ్ళు చెప్పిందేనా?"

"కాదు సార్. అది నేనే" అన్నాను. ఎందుకడిగానో చెప్పాలని చూశాను. మేళం, రంగు, అరుగు, వాన. దేనికీ ఇంగ్లీషు దొరకలేదు. ఆ వారం ఊరికి పోయే ఒకాయన చేత మా నాన్నకు పంపుదామని సూక్‌లో కొన్న కొత్త తువ్వాల బండిలో ఉంది. దాన్ని తెచ్చి, మడత విప్పి, ఆయన భుజం మీద కప్పి చేతులు జోడించాను. అందరూ చూస్తున్నారు. ఆయన దాని అంచు పట్టుకుని చూశాడు. అర్థమైందో లేదో నాకు తెలియదు. తీసెయ్యకుండా, తెల్లకోటు మీద ఆ తువ్వాలతోనే లోపలికి పోయాడు.

తిరిగొస్తుంటే మేనేజరు ఫోను. "దింపేశావా? ఏమన్నా అన్నాడా?"

"నేనే అన్న సార్. జరిగిందంత ఆయనకు చెప్పిన."

టక్కున ఫోను పెట్టేశాడు. ఆ మరుసటి వారం నుంచి నాకు హోటల్ డ్యూటీ ఖలాస్.

ఇప్పుడు క్యాంపు బస్సు నడుపుతున్నాను. ఏసీ సరిగా పనిచేయదు. ఎప్పుడైనా ఆలస్యమైతే మావాళ్ళు "ఏమైందే అన్నా?" అని అడుగుతారు. లేటుగా లేచినానని చెప్తాను, డీజిల్ పోయించినానని చెప్తాను. నిజంగానే రోడ్డు నిండా బండ్లు ఆగిపోయిన రోజున కూడా, ట్రాఫిక్ అన్న మాట నా నోట రావడం లేదు.